తెలుగు మెషిన్ ఉన్న గది

ఆ గది తలుపు మీద ‘స్టోర్’ అని రాసి ఉండేది. లోపల ఒక గోడ వైపు చేతులు విరిగిన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. ఇంకో వైపు చుట్టి పెట్టిన పాత ఫ్లెక్సీలు. మిగిలిన చోట నా బల్ల, దాని మీద ఆఫీసులో అందరూ ‘తెలుగు మెషిన్’ అని పిలిచే కంప్యూటర్. నేను ఉద్యోగంలో చేరిన రోజు హెచ్‌ఆర్ అమ్మాయి తలుపు తీసి, లైటు వేసి, “ఇదే మీ ప్లేస్. ఇక్కడ డిస్టర్బెన్స్ అస్సలు ఉండదు” అంది. నిజమే, ఉండేది కాదు.

మాది మాదాపూర్‌లో చిన్న డిజైన్ సంస్థ. పెద్ద అద్దాల భవనంలో ఒక అంతస్తులో కొంత భాగం మాది. నార్సింగి వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్లకు, విల్లాలకు బ్రోషర్లు, హోర్డింగులు తయారు చేస్తాం. ఇంగ్లీషు పేజీలు హాల్లో కూర్చున్నవాళ్లు చేస్తారు, తెలుగు పేజీలు నేను చేస్తాను. హాల్లో అందరికీ కొత్త కంప్యూటర్లు. నాది మాత్రం పాతది, అదీ కావాలని ఉంచిన పాతది.

తెలుగు టైపు చేయడానికి మేం వాడే సాఫ్ట్‌వేర్ చాలా కాలం కిందటిది. దాన్ని తయారు చేసినవాళ్లు ఇప్పుడు లేరు. దానితో పాటు ఒక లాక్ ఇచ్చేవారు. కంప్యూటర్ వెనక గుచ్చి ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్క అది. అది గుచ్చి ఉంటేనే తెలుగు అక్షరాలు పడతాయి. పాత ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రమే ఆ లాక్‌ను గుర్తుపడుతుంది. మా క్లయింట్లలో అందరికంటే పెద్ద బిల్డరుకు ఆ పాత ఫాంట్లంటే ప్రాణం. మొదటి హోర్డింగు నుంచి ఆయన సంస్థ పేరు ఆ అక్షరాల్లోనే ఉంది. వేరే ఫాంటులో చేసి చూపిస్తే, “ఇది మాది కాదండి, ఇంకెవరిదో” అంటారట. అందుకే కొత్త కంప్యూటర్లు ఎన్ని వచ్చినా ఈ ఒక్కదాన్నీ ఎవరూ కదిలించలేదు.

ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్‌డేట్లు రావడం ఏనాడో ఆగిపోయింది. అలాంటి కంప్యూటర్‌కు నెట్ ఇస్తే దాని ద్వారా వైరస్ వచ్చి అన్నిటికీ పాకుతుందని, ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే మా సిస్టమ్ అడ్మిన్ భయం. అందుకని నెట్ వైరు పెట్టే రంధ్రం మీద ఎర్ర టేపు అతికించాడు. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే రావాలి, పెన్‌డ్రైవ్‌లోనే పోవాలి.

నెట్ లేకపోతే ఏమవుతుందో నాకు చేరిన వారంలోనే అర్థమైంది. మా ఆఫీసులో మాటలన్నీ చాట్‌లో నడుస్తాయి. క్లయింట్ల రహస్యాలు బయటికి పోకూడదని ఆ చాట్‌ను ఫోన్లలో పెట్టుకోనివ్వరు, ఆఫీసు కంప్యూటర్లలోనే ఉంటుంది. మధ్యాహ్నం ఎక్కడ తినాలో అందులోనే అనుకుంటారు. నేను డబ్బా పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి కుర్చీలన్నీ ఖాళీగా ఉండేవి. ఎవరిదైనా పుట్టినరోజైతే, అంతా అయ్యాక ఎవరో ఒకరు టిష్యూ కాగితంలో కేకు ముక్క తెచ్చి, “అయ్యో, నీకు మెసేజ్ రాదు కదా” అని నా బల్ల మీద పెట్టి వెళ్లేవారు. ఆ ఆఫీసులో నేను చాలా కేకులు తిన్నాను. కొవ్వొత్తి వెలిగించడం ఒక్కసారీ చూడలేదు.

తలుపు అవతల నవ్వులు వినిపించేవి. ఒక్కసారిగా, పది మందీ కలిసి నవ్వే నవ్వు. నేను మౌస్ వదిలేసి వినేదాన్ని. హాల్లో ఎవరో ఏదో చెబుతుంటారని, అందరూ కుర్చీలు తిప్పుకుని వింటుంటారని ఊహించుకునేదాన్ని. లేచి వెళ్లి ఏమిటని అడగవచ్చు. కానీ వెళ్లేసరికి నవ్వు అయిపోతుంది. అయిపోయిన నవ్వు గురించి అడగడం నాకు చేతకాదు. భోజనం స్టోర్ గదిలోనే చేసి, మిగిలిన సమయంలో లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవల చదువుకునేదాన్ని. లింగంపల్లిలో మా హాస్టల్‌కు వెళ్లాక డైరీ రాసేదాన్ని. ఆ రోజుల డైరీలో ఎక్కువగా నేను ఎవరితోనూ అనని మాటలే ఉన్నాయి.

ఇలా ఉండగా బ్రోషర్ గొడవ జరిగింది.

మా పాత ఫాంట్లతో ఒక చిక్కు ఉంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు వాక్యం తెలుగులా కనిపించదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు కలిసి ఏదో గందరగోళంగా కనిపిస్తుంది. అందుకని నేను ప్రతి వాక్యాన్నీ గీతలుగా, అంటే బొమ్మగా మార్చి హాల్లోకి ఇచ్చేదాన్ని. ఆ వారం నాకు జ్వరం వచ్చి రెండు రోజులు రాలేదు. బ్రోషర్ తొందర. హాల్లో ఎవరో నా బల్ల మీది పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి, ఇంకా గీతలుగా మార్చని ఫైలు తెరిచి, అందులోని వాక్యాలను పేజీలో పెట్టేశారు. డిజైన్ చేసేవాళ్లకు అర్థంలేని అక్షరాలు చూడటం అలవాటే. అసలు రాత వచ్చేదాకా పేజీ నింపడానికి ఉత్తుత్తి రాత పెడుతుంటాం కదా, ఇదీ అలాంటిదే అనుకున్నారు. అలా అనుకుని ఒకరి తర్వాత ఒకరు చూసి సరే అన్నారు. పేజీ చాలా అందంగా ఉందని కూడా అన్నారట. బిల్డరు దగ్గరకు అది అలాగే వెళ్లింది.

నేను తిరిగి వచ్చిన రోజు మా టీమ్ లీడ్ స్టోర్ గది గుమ్మంలో నిలబడ్డాడు. విజయవాడ వైపు మనిషి, ఎవరినీ ‘నువ్వు’ అనడు.

“మీ తప్పేం లేదండి. మీరు లేనప్పుడు జరిగింది. కానీ ఆయన ఫోన్లో ఏమన్నారో తెలుసా? ‘ఇదేం భాష? మా ప్రాజెక్టు నార్సింగిలో అండి, చంద్రుడి మీద కాదు’ అన్నారు.”

నాకు నవ్వు వచ్చింది. ఆయన నవ్వలేదు కాబట్టి నేనూ ఆపుకున్నాను.

“ఇక ఈ పెన్‌డ్రైవ్ అతుకుల పని వద్దండి. మేం అందరం పేజీలు చేసే కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారాం. మీ మెషిన్‌లో పాతది ఉండిపోయింది. మా ఫైలు మీ దగ్గర తెరుచుకోదు. అందుకే కదా మీరు ఒక చోట చేయడం, మేం ఇంకో చోట అతికించడం. ఆ కొత్త సాఫ్ట్‌వేర్ మీ మెషిన్ మీద నడిస్తే మా పేజీ మీరే తెరిచి, తెలుగు మీరే పెట్టి ఇస్తారు. నెలాఖరు దాకా మీరు ప్రయత్నించి చూడండి.”

“నడవకపోతే సార్?” అని అడిగాను.

“నడవకపోతే ఆ ఫాంట్లకు దండం పెట్టేద్దాం. బిల్డరుకు నేను ఎలాగో నచ్చజెబుతాను. మీకు హాల్లో కొత్త మెషిన్ వేయిస్తాను. కిటికీ పక్కన సీటు ఒకటి ఖాళీగానే ఉంది కదండి.”

ఆయన వెళ్లాక ఆ మాటలే మళ్లీ మళ్లీ అనుకున్నాను. కిటికీ పక్కన సీటు. కొత్త మెషిన్, అందులో నెట్, నెట్‌లో చాట్. సాఫ్ట్‌వేర్ నడవకపోతే చాలు, ఈ గదిలోంచి బయటపడతాను. నడిస్తే ఇక్కడే ఉంటాను. నడిపించే పని నా మీదే పెట్టారు.

మధ్యాహ్నం సిస్టమ్ అడ్మిన్ వచ్చాడు. శేరిలింగంపల్లి మనిషి. అతను నన్ను చెల్లె అంటాడు, కంప్యూటర్‌ను ముసల్ది అంటాడు.

“ఏందే చెల్లె, ముసల్దానికి కొత్త చీర కట్టాల్నంట?”

“అవుతుందంటారా?”

“కానే కాదు. సిస్టమ్ సపోర్ట్ చెయ్యదని ఆ సాఫ్ట్‌వేర్ డబ్బా మీదనే రాసి ఉన్నది. నేను మస్తుసార్లు చెప్పిన మీ సార్‌కు. వింటడా?” అంటూనే పెన్‌డ్రైవ్ గుచ్చి ఇన్‌స్టాల్ నొక్కాడు. తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ ప్రోగ్రాం నడవదని ఇంగ్లీషులో మర్యాదగా రాసి ఉంది. కింద ఒకటే బటన్, సరే అని.

“చూసినవా? కాదు అని చెప్పనీకి గూడ ఛాన్స్ ఇయ్యలే. ఇగ ఫికర్ చెయ్యకు, నెలాఖరుకు హాల్లకు పోతవు. ఏసీ గూడ మంచిగొస్తది ఆడ.”

అతను వెళ్లిపోయాడు. పని అంతటితో అయిపోయినట్టే. నేను కూడా ‘సరే’ నొక్కి ఊరుకుంటే సరిపోయేది. ఎందుకు ఊరుకోలేదో ఇప్పటికీ నాకు తెలియదు. బహుశా నాకు ఒక పుస్తకం నచ్చకపోయినా మధ్యలో వదలలేని గుణం ఉంది, అదే కావచ్చు.

లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్ రైల్లో వస్తూ పోతూ ఫోన్‌లో వెతికాను. మూలపడిన ఆపరేటింగ్ సిస్టమ్‌లను వదలకుండా వాడుతున్నవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. వాళ్లు రాసుకునే చోట్లు ఉన్నాయి. ఎక్కడో ఒకాయన కుట్టుమెషిన్ డిజైన్ల కోసం వాడుతున్నాడు. ఇంకొకామె దగ్గర పాత స్కానర్ ఉంది, అది ఇంకెక్కడా పని చేయదట. ఒకరికొకరు ఓపికగా జవాబులు రాసుకుంటారు. ఎవరి పేర్లూ అసలు పేర్లు కావు. రైలు నిండా జనం, భుజాలు రాసుకుంటూ నిలబడినవాళ్లందరూ తమ తమ ఫోన్లలో ఉంటే, నేనూ వాళ్లలాగే ఎవరితోనో ఉన్నట్టు అనిపించేది. ఒక్కసారీ ఏమీ రాయలేదు. చదివేదాన్ని, అంతే.

అక్కడ చదివినదాన్ని బట్టి మొదటి అడ్డు దాటాను. ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లలో ఒకదాంట్లో, ఏ సిస్టమ్ నుంచి అనుమతించాలో ఒక అంకె రాసి ఉంటుంది. ఆ అంకె తగ్గించి మళ్లీ నొక్కాను. ఈసారి పెట్టె రాలేదు. లైసెన్సు కోసం ఒక్కసారి నెట్ కావాలంటే అడ్మిన్ వచ్చి ఎర్ర టేపు సగం ఊడదీశాడు. “జల్ది చెల్లె, జల్ది. వైరస్ గిట్ల వచ్చిందంటే నా నౌకరి ఊడుతది” అంటూ పక్కనే నిలబడి, పని కాగానే వైరు లాగేసి టేపు మళ్లీ అద్దాడు.

కానీ ప్రోగ్రాం తెరుచుకోలేదు. బొమ్మ కనిపించేది, అందులో పేరు మెరిసేది, వెంటనే మాయమయ్యేది. రోజూ నా అసలు పని అయ్యాక కాసేపు దానితో కూర్చునేదాన్ని. సిస్టమ్‌లో లేని ఫైలు ఒకటి కావాలని తేలింది, తెచ్చి పెట్టాను. అయినా మాయమయ్యేది. చివరికి తెలిసిందేమిటంటే, అది తెరుచుకోగానే బొమ్మలు వేగంగా గీయడానికి కొత్త రకం గ్రాఫిక్స్ కోసం వెతుకుతోంది. నా మెషిన్‌లో అవి లేవు. వెతకవద్దని దాని సెట్టింగుల ఫైల్లో రాశాను.

ఒక సాయంత్రం అది తెరుచుకుంది. తెల్లటి ఖాళీ పేజీ, నాలుగు వైపులా పనిముట్లు. హాల్లోవాళ్ల తెరల మీద దూరం నుంచి చూసిన పేజీయే అది. వాళ్ల ఫైలు తెరిచాను. తెరుచుకుంది. బిల్డరు పేరు పాత ఫాంటులో టైపు చేశాను. ఒక ఒత్తు కనిపించకుండా పోయింది. పాత ఫాంటులో ఆ ఒత్తు కూర్చున్న చోటును కొత్త సాఫ్ట్‌వేర్ వేరే గుర్తు కోసం అట్టిపెట్టుకుందట. ఆ ఒక్క ఒత్తునూ విడిగా గీతగా తెచ్చి అక్షరం కింద పెట్టాను. మౌస్ ముందు వెళ్లేది, ఒత్తు దాని వెనకాల నింపాదిగా వచ్చి కూర్చునేది. అంత మెల్లగా నడుస్తోంది. కానీ పేరు నిండుగా, ఎప్పటిలాగే ఉంది.

ఆ గదిలో అప్పుడు ఎవరూ లేరు. ఎవరికైనా చూపించాలనిపించింది. అంతలోనే, చూపిస్తే ఏమవుతుందో గుర్తొచ్చింది. ఇది పని చేస్తుందని తెలిసింది నా ఒక్కదానికే. ప్రోగ్రాం మూసేసి, కాలేదు సార్ అంటే ఎవరూ అనుమానించరు. డబ్బా మీదనే రాసి ఉంది కదా. తలుపు అవతల మళ్లీ ఆ నవ్వు. నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను. మూయడానికి చేయి రాలేదు. అబద్ధమాడకూడదన్న ఆలోచన కాదు. అంత కష్టపడి ఒక్కొక్కటే అమరి కూర్చున్న అక్షరాలను, లేవని చెప్పలేకపోయాను.

మరునాడు రైల్లో, లీడ్‌తో ఏమని చెప్పాలో మనసులో వాక్యాలు కూర్చుకున్నాను. నాకు అది అలవాటు. ఎంత చిన్న మాటైనా ముందు కూర్చుకోకపోతే నోట్లోంచి రాదు. హఫీజ్‌పేట్ దాటేటప్పుడు, కూర్చుకుంటున్న వాక్యాల మధ్య ఒక సంగతి తోచింది. నెట్ ఇవ్వకూడదన్నారు. టేపు వేశారు. కానీ ఆ మెషిన్ స్టోర్ గదిలోనే ఉండాలని ఎవరూ ఎప్పుడూ అనలేదు. నెట్ లేకపోవడానికీ గది వేరుగా ఉండడానికీ సంబంధమే లేదు. నాకంటే ముందు ఎవరో అక్కడ పెట్టారు, అది అక్కడే ఉండిపోయింది, దానితో నేనూ.

లీడ్ వచ్చి, కుర్చీల దొంతర పక్క నుంచి వంగి తెర చూశాడు.

“నిజంగా తెరుచుకుందా అండి? అందరూ కాదన్నారే! భలేవారండి మీరు. నాకు బిల్డరుతో మాట్లాడే బాధ తప్పించారు. మీ సీటు మార్చే పని కూడా తప్పింది.”

“సార్,” అన్నాను. రైల్లో కూర్చుకున్న వాక్యం సగం మరిచిపోయాను. “మెషిన్‌కు నెట్ వద్దన్నారు కానీ... హాలు వద్దనలేదు కదండి.”

“అంటే?”

“దీన్ని హాల్లో పెట్టుకోవచ్చా?”

ఆయన నా వైపు చూసి, గది వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు.

“పెట్టుకోండి. దానికేముంది? ఇంతకాలం అడగలేదేమండి? మీకు ప్రశాంతంగా ఉండటం ఇష్టమనుకున్నాం. ఎప్పుడు చూసినా పుస్తకంలో తల పెట్టుకుని ఉంటారాయె. మిమ్మల్ని పిలవాలన్నా మొహమాటంగా ఉండేది.”

ఇన్నాళ్లూ వాళ్లు నన్ను మరిచిపోయారనుకుంటూ ఉన్నాను. వాళ్లు నా ఇష్టాన్ని గౌరవిస్తున్నామనుకుంటూ ఉన్నారు.

ఆ రోజే అడ్మిన్ మెషిన్‌ను చక్రాలున్న ఆఫీసు కుర్చీలో పెట్టి హాల్లోకి తోసుకొచ్చాడు. “జరుగుండ్రి, జరుగుండ్రి, ముసల్ది ఊరేగుతున్నది” అని అరుస్తుంటే కొందరు తల ఎత్తి నవ్వారు. కిటికీ పక్కన బల్ల మీద దించి, వెనక టేపు సరిగ్గా ఉందో లేదో వేలితో నొక్కి చూసుకుని, “ఆడ ఉన్నా ఈడ ఉన్నా దీనికి నెట్ లేదు. నన్ను పరేషాన్ చెయ్యకు చెల్లె” అని చెప్పి వెళ్లాడు.

కిటికీలోంచి ఎదుటి భవనం అద్దాలు, వాటిలో మా భవనం అద్దాలు కనిపిస్తున్నాయి. నేను మౌస్ సర్దుకుని, మాటల కోసం ఎదురుచూశాను.

మాటలు లేవు. హాలు మా స్టోర్ గది కంటే నిశ్శబ్దంగా ఉంది. అందరి చెవుల్లోనూ హెడ్‌ఫోన్లు. ఒకరికొకరు చేయి చాచితే అందేంత దగ్గరగా కూర్చుని, ఎవరి తెరలో వాళ్లు ఉన్నారు. కీబోర్డుల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి ఉన్నట్టుండి అందరూ నవ్వారు. ఇన్నాళ్లూ తలుపు అవతల నుంచి నేను విన్న నవ్వే. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎవరూ కుర్చీ తిప్పలేదు. తెరల వైపు చూస్తూనే నవ్వారు, తెరల వైపు చూస్తూనే ఆపేశారు.

నా పక్క సీటు అమ్మాయిది నార్సింగి. వాళ్ల నాన్నకు అక్కడ ఒకప్పుడు పొలం ఉండేదట. ఆ అమ్మాయి ఒక చెవిలో హెడ్‌ఫోన్ తీసి నా వైపు వంగింది.

“ఏందక్కా, గట్ల చూస్తున్నవ్? నీకు రాలేదు కదా అది. ఆగు, నేను చదువుత.”

చదివింది. లీడ్ పెట్టిన మెసేజ్‌కు ఎవరో పెట్టిన జవాబు, దానికి ఇంకెవరో పెట్టిన బొమ్మ. బొమ్మను చదవడం కుదరక చేతులతో చూపించింది. కోతి, అది తల పట్టుకుంది, వెనకాల మంటలు.

“అయిపోయింది,” అంది. “నవ్వు రాలే కదా?”

“రాలేదు,” అన్నాను.

“నాకు గూడ ఇప్పుడు రాలే. చదివితే ఏం లేదక్కా దాంట్ల. అందరికీ ఒక్కసారి వస్తది గాబట్టి నవ్వొస్తది, గంతే.”

ఆ తర్వాత కొన్నాళ్లు నవ్వు లేచినప్పుడల్లా ఆ అమ్మాయి నా వైపు తిరిగి చదివి వినిపించేది. తర్వాత ఎప్పుడో తిరగడం తగ్గింది. పని ఎక్కువగా ఉంది, నేను అడగలేదు. భోజనానికి వెళ్లేటప్పుడు మాత్రం లేస్తూ నా కుర్చీని కాలితో చిన్నగా తడుతుంది. నేను డబ్బా తీసుకుని వాళ్ల వెనకాల నడుస్తాను. కేకు కోసేటప్పుడు కొవ్వొత్తి చూస్తున్నాను. పుస్తకం సంచీలోనే ఉండిపోతోంది.

మిగతా రోజంతా నా తెర మీద తెలుగు అక్షరాలు మౌస్ వెనకాల నింపాదిగా వచ్చి కూర్చుంటుంటాయి. చుట్టూ కీబోర్డులు మోగుతుంటాయి. ఇప్పుడు నాకు ఆ చప్పుడు బాగా అలవాటైంది. అది ఒక్కసారిగా జోరందుకుంటే నవ్వు రాబోతోందని తెలుస్తుంది, ఎవరు ముందు నవ్వుతారో కూడా తెలుస్తుంది. ఎందుకో మాత్రం తెలియదు.